బిలియర్డ్స్ గదిలో గోడ షెల్ఫు: కొలతలు, బిగింపు

7.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గది కొలతలను బట్టి షెల్ఫు వెడల్పును నిర్ణయించగలుగుతారు.
• వెడల్పు పెరిగితే గోడ స్క్రూల మీద లాగుడు ఎందుకు పెరుగుతుందో లెక్కతో వివరించగలుగుతారు.
• పానీయాలను, క్యూలను ఒకే షెల్ఫులో సురక్షితంగా అమర్చగలుగుతారు.

7.1 పరిచయం

బిలియర్డ్స్ గదిలో టీ కప్పు, నీళ్ల గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేకపోతే ఆటగాళ్లు వాటిని బల్ల అంచు మీదే పెడతారు. ఒక్క గ్లాసు ఒలికినా బల్ల మీది ఉన్ని బట్టకు మరక పడుతుంది. బట్ట మార్చడం ఖర్చుతో కూడిన పని. అలాగే తమ వంతు కోసం ఎదురుచూసేవారు క్యూను, అంటే బంతిని కొట్టే కర్రను, గోడకు ఆనిస్తారు. ఎక్కువకాలం ఏటవాలుగా ఉన్న కర్ర వంగిపోతుంది. ఈ రెండు ఇబ్బందులనూ ఒక గోడ షెల్ఫు తీరుస్తుంది.

అయితే షెల్ఫు తయారీలో అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఒకటుంది. అది గోడ నుంచి షెల్ఫు ముందుకు వచ్చే కొలత. ఈ పాఠంలో దీన్ని 'వెడల్పు' అందాం. ఆటకు మిగిలే చోటు, గోడ మీద పడే లాగుడు రెండూ దీని మీదే ఆధారపడతాయి.

7.2 ఆటకు కావలసిన చోటు

పూర్తి పరిమాణంలో ఉన్న స్నూకర్ బల్ల ఆట స్థలం 3569 మి.మీ. పొడవు, 1778 మి.మీ. వెడల్పు. సాధారణ క్యూ పొడవు 58 అంగుళాలు, అంటే 1473 మి.మీ. కొట్టేముందు క్యూను వెనక్కి లాగడానికి మరో 150 మి.మీ. కలుపుకుంటే, బల్ల అంచున ఉన్న బంతిని కొట్టడానికి 1623 మి.మీ. ఖాళీ కావాలి.

ఉదాహరణ 1: గది వెడల్పు 18 అడుగులు (5486 మి.మీ.), బల్ల సరిగ్గా మధ్యలో ఉంది.
ఒక్కొక్క పక్క ఖాళీ = (5486 − 1778) ÷ 2 = 1854 మి.మీ.
షెల్ఫుకు మిగిలేది = 1854 − 1623 = 231 మి.మీ.

ఇక్కడ 150 మి.మీ. షెల్ఫు ఇబ్బంది లేకుండా అమరుతుంది. 250 మి.మీ. షెల్ఫు పెడితే క్యూ మడమ దానికి తగులుతుంది. గ్లాసు నిలవడానికి 150 మి.మీ. చాలు.

ఉదాహరణ 2: గది 16 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. ఇక్కడ పక్క ఖాళీ 1549 మి.మీ. మాత్రమే. బల్లకు ఎదురుగా షెల్ఫుకు చోటే లేదు. కాని గది మూలలో, బల్ల చివర దాటిన చోట, ఖాళీ ఎక్కువ. అక్కడ మూల నుంచి 600 మి.మీ. పొడవు మించకుండా 150 మి.మీ. షెల్ఫు బిగించవచ్చు.

షెల్ఫును నేల నుంచి 1100 మి.మీ. ఎత్తున పెడితే నిలబడినవారికి చేతికందుతుంది. బల్ల అంచు 851 నుంచి 876 మి.మీ. ఎత్తులోనే ఉంటుంది కదా, క్యూ షెల్ఫు కిందుగా పోతుందని అనుకోవద్దు. అడ్డుగా ఉన్న బంతి మీదుగా కొట్టేటప్పుడు క్యూ మడమ పైకి లేస్తుంది.

7.3 గోడ మీద లాగుడు

షెల్ఫు మీద గ్లాసుల బరువు తక్కువే. అసలు బరువు, మనిషి మోచేయి ఆనించినప్పుడు పడుతుంది. షెల్ఫు ముందు అంచున ఒక బ్రాకెట్టు మీద 30 కిలోల బరువు పడిందనుకుందాం. బ్రాకెట్టు కింది అంచు నుంచి పై స్క్రూ వరకు దూరం 150 మి.మీ.

లాగుడు = బరువు × షెల్ఫు వెడల్పు ÷ స్క్రూ ఎత్తు
150 మి.మీ. షెల్ఫుకు: 30 × 150 ÷ 150 = 30 కిలోలు
250 మి.మీ. షెల్ఫుకు: 30 × 250 ÷ 150 = 50 కిలోలు

బరువు మారలేదు, వెడల్పు మారింది. అంతే, లాగుడు పెరిగింది. కనుక పొడవైన బ్రాకెట్టు ఎంచుకోండి. రంధ్రం ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి కనీసం 50 మి.మీ. వెళ్లాలి. ప్లాస్టరింగులోనే ఆగిన ప్లగ్గు కొన్నాళ్లకు ఊడివస్తుంది. ఇటుకల మధ్య అతుకులో రంధ్రం చేయవద్దు. 1200 మి.మీ. షెల్ఫుకు మూడు బ్రాకెట్లు పెట్టి, రసమట్టంతో మట్టం సరిచూసి బిగించండి.

7.4 క్యూలు, గ్లాసులు వేరుగా

చల్లని గ్లాసు చుట్టూ పట్టే చెమ్మ కర్రకు హాని చేస్తుంది. కాబట్టి షెల్ఫులో ఒక చివర క్యూలకు, మరో చివర గ్లాసులకు కేటాయించండి. గ్లాసుల వైపు ముందు అంచుకు 10 మి.మీ. ఎత్తు పట్టీ కొట్టి, చెక్కకు వార్నిష్ పూయండి.

క్యూల వైపు ముందు అంచులో 20 మి.మీ. గాడులు కోసి లోపల మెత్తని బట్ట అంటించండి. వాటికి సరిగ్గా కింద, నేలకు 100 మి.మీ. ఎత్తున మరో చెక్క బిగించి, క్యూ మడమ నిలిచేలా 32 మి.మీ. గుంతలు తవ్వండి. ఆ ఎత్తు వల్ల నేల తుడిచే నీరు కర్రకు తగలదు. గుంత, గాడి ఒకే నిలువు గీతలో ఉన్నాయో లేదో తూకపు దారంతో చూడండి. అప్పుడే క్యూ నిటారుగా నిలుస్తుంది.

7.5 మీ ప్రగతిని సరిచూసుకోండి

ప్రశ్న: 17 అడుగుల (5182 మి.మీ.) వెడల్పు గదిలో బల్లకు ఎదురుగా 150 మి.మీ. షెల్ఫు పెట్టవచ్చా?

సమాధానం: పక్క ఖాళీ 1702 మి.మీ. ఆటకు పోగా మిగిలేది 79 మి.మీ. పెట్టకూడదు. గది మూలను ఎంచుకోవాలి.

7.6 సారాంశం

షెల్ఫు ఎంత పెద్దదైతే అంత ఉపయోగమని తోచవచ్చు. కాని ఇక్కడ అదనంగా పెరిగే ప్రతి అంగుళం ఆటగాడి చోటును తగ్గిస్తుంది, గోడ మీది లాగుడును పెంచుతుంది. చెక్క కోయకముందే గదిని కొలవండి.