బీజింగు శివారున ఫాంగ్‌షాన్

బీజింగు అనగానే రాజప్రాసాదములే స్ఫురించును. ఆ నగరపాలనలోనే నైరుతి దిశను సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఫాంగ్‌షాన్ జిల్లాను మేమిచట పరిచయము చేయుచున్నాము. ఫాంగ్‌షాన్ కౌంటీని, చమురుశుద్ధికి పేరొందిన యాన్‌షాన్ ప్రాంతమును కలిపి 1986లో దీని నేర్పరచిరి.

ఇందలి జౌకౌడియన్ గుహలో 1929లో పెయ్ వెన్‌జోంగ్ ఆదిమానవుని కపాలమును కనుగొనెను. అచట దొరకిన అస్థులను భద్రత కొరకు అమెరికాకు పంపబోగా, 1941లో యుద్ధపు కల్లోలమున అవి అదృశ్యమయ్యెను. నేటికిని జాడ లేదు. వాటికి పోసిన అచ్చులు మాత్రము మిగిలినవి.

ఈ జిల్లాలోనే యున్‌జు ఆలయము కలదు. ధర్మము నశించునేమోయను భయముతో 7వ శతాబ్దారంభమున జింగ్‌వాన్ అను భిక్షువు బౌద్ధసూత్రములను రాతిపలకలపై చెక్కింప నారంభించెను. తరువాతివారు సుమారు వేయి ఏండ్లు ఆ పనిని సాగించిరి. అట్టి పలకలు 14,000కు పైగా నిలిచియున్నవి. మన దేశమున వెలసిన గ్రంథములకు చీనా అనువాదములు వాటిలో పెక్కు.

ఆలయపు ఆవరణమున పూర్వులు పాతిపెట్టిన 10,000కు పైగా పలకలను 1957లో వెలికి తీసిరి. గాలి సోకి అవి శిథిలమగుచుండుటచే, 1999లో మరల భూగర్భ గృహమున చేర్చిరి. పూర్వులు దాచిన తావే తగినదని నేటివారును అంగీకరించిరన్నమాట.