వార్షికోత్సవాలు - చరిత్ర దృష్టి

ఫలానా సినిమాకు యాభై ఏళ్లు, ఫలానా పాటకు పాతికేళ్లు, ఫలానా డిటెక్టివ్ నవలకు వజ్రోత్సవం - ఇలాంటి వ్యాసం లేని వారం మన పత్రికల్లో అరుదు. వీటిని చులకన చేయడం తేలిక. కాని సామాన్య పాఠకుడికి కళల చరిత్ర ఎంతో కొంత అందుతున్నదంటే, అది చాలావరకు ఈ వ్యాసాల ద్వారానే. సిద్ధాంత గ్రంథాలు కొని చదివేవారు ఎందరు? కనుక వార్షికోత్సవ వ్యాసం ఎలా ఉండాలన్నది విమర్శకులు పట్టించుకోవలసిన సమస్యే. తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను ఉదాహరణగా తీసుకుని నా అభిప్రాయం చెబుతాను.

ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి రాస్తూ వచ్చారు. ఆ తేదీనే తెలుగు సినిమా పుట్టినరోజుగా జరుపుకున్నారు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తిరాయగా, అది ప్రశ్నించనవసరం లేని సత్యమై కూర్చుంది. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి రికార్డులను వెతికి, ఆ తేదీ నిలవదని చూపారు. చిత్రానికి సెన్సారు సర్టిఫికెట్ లభించింది 1932 జనవరి 22న. బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న.

ఇక్కడ తర్కం ఎంత సూటిగా ఉందో సాహిత్య విద్యార్థులు గమనించాలి. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేని చిత్రాన్ని బహిరంగంగా ప్రదర్శించడానికి వీల్లేదు. పరాయి ప్రభుత్వం సినిమాను చూసి భయపడి పెట్టుకున్న కట్టడి అది. జనవరిలో సర్టిఫికెట్ పొందిన చిత్రం అంతకు నాలుగు నెలల ముందే తెరకెక్కడం సాధ్యమా? ఒక్క కాగితం దశాబ్దాల నమ్మకాన్ని కూల్చింది. పెద్దల జ్ఞాపకం గౌరవించదగినదే. కాని జ్ఞాపకం సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

“నాలుగైదు నెలల తేడాకు ఇంత రభస ఎందుకు?” అని అడిగేవారున్నారు. తేడా నెలల్లో లేదు, వరసలో ఉంది. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. అదే ఏడాది అక్టోబరు 31న మద్రాసులో ‘కాళిదాస్’ వచ్చింది. అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో మాట్లాడతాడు. ఈ ‘కాళిదాస్’కూ, ‘భక్త ప్రహ్లాద’కూ దర్శకుడు ఒక్కరే - హెచ్.ఎం. రెడ్డి.

పాత తేదీనే నమ్మితే చిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. సెప్టెంబరులో పూర్తి తెలుగు చిత్రం తీసిన దర్శకుడు, అక్టోబరుకల్లా భాషలు కలగాపులగం చేసిన చిత్రానికి ఎందుకు దిగాడు? జవాబు లేదు. సరైన తేదీ ప్రకారం చూస్తే పరిణామం సహజంగా కనిపిస్తుంది. నిశ్శబ్ద చిత్రానికి భాషాభేదం లేదు. మాట వచ్చేసరికి మార్కెట్టు భాషలవారీగా చీలింది. తమిళ, తెలుగు ప్రేక్షకులను ఒకే చిత్రంతో పట్టుకోవడానికి నిర్మాతలు చేసిన ప్రయోగం ‘కాళిదాస్’. ఒక్కో భాషకు విడిగా చిత్రం తీయవచ్చన్న ధైర్యం ఆ తర్వాతి దశ. ఆ దశలోదే ‘భక్త ప్రహ్లాద’. తేదీ తప్పితే మనకు కారణమే కనబడకుండా పోతుంది.

పాత తేదీకి భాషాభిమానం కూడా అండగా నిలిచింది. దాని ప్రకారం దక్షిణాదిలో మొదట మాట్లాడింది మన తెరే. ఆ గొప్ప వదులుకోవడం కొందరికి కష్టం. కాని మాతృభాష మీద ప్రేమకు తప్పుడు తేదీ ఊతం అక్కరలేదు.

అలాగని తేదీ సరిదిద్దడంతోనే పని పూర్తి కాదు. 2007 జనవరిలో హైదరాబాదులో తెలుగు సినిమా వజ్రోత్సవాలు ఘనంగా జరిగాయి. జనం నోళ్లలో నలిగింది మాత్రం ఎవరు ‘లెజెండ్’, ఎవరు ‘సెలబ్రిటీ’ అన్న వివాదం. డెబ్బై అయిదేళ్ల శ్రమ చరిత్ర బిరుదుల పంపకంగా కుదించుకుపోయింది.

‘భక్త ప్రహ్లాద’కు మూలం బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. దాన్ని ఊరూరా ఆడి బతికించింది సురభి సమాజం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజంలో స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించేవారు. ఆ సంప్రదాయం నుంచి వచ్చిన సురభి కమలాబాయి ఈ చిత్రంలో లీలావతి. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. పాటలు రాసినవారు ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు. ఎడ్లబండ్ల మీద తెరలు, కిరీటాలు వేసుకుని తిరిగిన నాటకసమాజాల శ్రమే తెలుగు టాకీకి తొలి పెట్టుబడి. అర్దేషిర్ ఇరానీ డబ్బు ఆ తర్వాతి సంగతి.

ఆ శ్రమ ఇప్పుడు చూద్దామన్నా చూడలేం. ఈ చిత్రం ప్రింటు మిగలలేదు. ‘ఆలం ఆరా’దీ అదే గతి. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. అప్పటికి తెలుగు టాకీకి ముప్పై రెండేళ్లు నిండాయి. ఆ ముప్పై రెండేళ్లలో పాత రీళ్లను దాచవలసిన సాంస్కృతిక సంపదగా కాక, ఆడినన్నాళ్లు ఆడించి పారేసే సరుకుగానే చూశారు. పుట్టినరోజు జరుపుతున్నాం గాని, ఆ బిడ్డ ముఖం చూపడానికి మన దగ్గర ఒక్క రీలు లేదు!

సాహిత్యానికీ ఈ జాగ్రత్త అవసరమే. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో పెంచి తిరగరాసిన రూపంలో వచ్చింది. మనం తరగతిలో చెబుతున్నది 1909 నాటి పాఠం. 1892 పేరు చెప్పి 1909 పాఠాన్ని పొగిడితే ఆ పదిహేడేళ్లలో గురజాడ పడిన మథన కనుమరుగవుతుంది. ‘మహాప్రస్థానం’ పుస్తకమైంది 1950లో. కాని దానికి చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. ఆ గీతాలు ఆర్థికమాంద్యం కాలపు ఆకలిలోంచి పుట్టాయి. 1950ని మాత్రమే పట్టుకుంటే స్వాతంత్ర్యం వచ్చాక రాసిన కవిత్వంగా విద్యార్థి పొరబడతాడు.

కనుక వార్షికోత్సవ వ్యాసం రాసే యువ రచయితలకు నా సూచన ఒక్కటే. ముందు తేదీకి ఆధారం చూడండి - అది రచన తేదీయా, ప్రదర్శన తేదీయా, అచ్చు తేదీయా తేల్చుకోండి. ఆ రోజున ఆ కృతి ఎవరి డబ్బుతో, ఎవరి చెమటతో, ఏ చట్టం నీడలో వెలువడిందో వెతకండి. ఇక ప్రింటు, ప్రతి ఎక్కడున్నాయో అడగండి. అవి లేకపోతే లేవని రాయండి. రాబోయే ఫిబ్రవరి 6న పూలదండలు ఎన్ని వేసినా ఫరవాలేదు గాని, మిగిలి ఉన్న పాత చిత్రాల రీళ్ల మాటేమిటని ఎవరైనా సభలో లేచి అడిగితే ఆ ఉత్సవానికి అర్థం ఉంటుంది.