జాకీ ఎక్కిన బండి ఎక్కడికి పోతుంది?

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్ పేరు వినగానే ఛాయా సోమేశ్వరాలయం గుర్తుకొస్తుంది. గర్భగుడిలో పగలంతా చెదరకుండా నిలిచే నీడను చూడడానికి మీలో కొందరు వెళ్లే ఉంటారు. ఈసారి మనం గుడికి కాదు, ఆ ఊరి చెరువు ఉదయ సముద్రం పక్కన పోయే రోడ్డు మీదికి వెళ్దాం.

అక్కడ ఒక పికప్ బండి ఆగి ఉందనుకోండి. దాని నిండా బత్తాయిలు. వెనక ఎడమ టైరు పంక్చరైంది. డ్రైవరు జాకీ, స్పానరు బయటికి తీశాడు. సైకిలు మీద బడి నుంచి వస్తున్న మీరు ఆగి చూస్తున్నారు. రోడ్డు కాస్త వాలుగా ఉంది. మీకు అనుమానం వచ్చి అడిగారు:

"అన్నా, ముంగటి టైర్లకు రాళ్లు పెట్టవా?"

"హ్యాండ్ బ్రేక్ ఏసిన గద తమ్మీ! గేర్ల గూడ పెట్టిన. ఇంకేడికి పోతది?"

జవాబు సబబుగానే ఉన్నట్టుంది కదూ? కాని అది తప్పు. బండి పోగలదు. జాకీ మీదికి ఎక్కించాకనే పోతుంది కూడా. ఎందుకో చూద్దాం.

బండి బరువు 1,700 కిలోలు, సరుకు 1,300 కిలోలు, మొత్తం 3,000 కిలోలు అనుకుందాం. రోడ్డు ప్రతి 20 అడుగులకు ఒక అడుగు దిగుతోంది. చూపుకు దాదాపు చదునుగానే కనిపించే వాలు అది. అంత చిన్న వాలులో కూడా బండిని కిందికి లాగే బలం మొత్తం బరువులో ఇరవయ్యో వంతు, అంటే 150 కిలోల బరువుకు సమానం. ఇద్దరు మనుషులు అడ్డంగా నిలబడి తోసినా ఆపడం కష్టం.

ఈ బలాన్ని ఇప్పుడు ఆపుతున్నది ఏమిటి? హ్యాండ్ బ్రేకు. అది చాలా బండ్లలో వెనక రెండు చక్రాలనే పట్టుకుంటుంది. ముందు చక్రాలకు దానితో సంబంధం లేదు. జాకీతో ఎడమ వెనక చక్రాన్ని ఎత్తగానే ఏమవుతుంది? ఆ చక్రం గాలిలో ఉంది. దాన్ని బ్రేకు ఎంత గట్టిగా పట్టుకున్నా నేలను తాకని చక్రం బండిని ఎలా ఆపుతుంది? మిగిలింది కుడి వెనక చక్రం ఒక్కటే. దాని బ్రేకు కట్టలు అరిగిపోయినా, డ్రమ్ములోకి ఆయిలు కారినా, ఆ టైరు కింద కంకర ఉన్నా ఇక దిక్కు లేదు.

"మరి గేరులో పెట్టాడు కదా?" అంటారేమో. అసలు తమాషా ఇక్కడే ఉంది.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు చక్రం ఎక్కువ దూరం, లోపలి వైపు చక్రం తక్కువ దూరం పోవాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోతుంది. అందుకని వెనక ఇరుసు నడుమ గుండ్రటి డబ్బాలో డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంచుతారు. డ్రైవర్లు దీన్ని 'హౌసింగు' అంటుంటారు. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు తిరుగుడును ఇది రెండు చక్రాలకూ పంచుతుంది. ఒకటి ఎక్కువ తిరిగితే రెండోది ఆ మేరకు తక్కువ తిరుగుతుంది. మరి షాఫ్టు అసలే తిరగకుండా బిగిసి ఉంటే? ఒక చక్రం ముందుకు తిరిగినంతా రెండోది వెనక్కి తిరుగుతుంది! మెకానిక్ షెడ్డులో వెనక భాగం మొత్తం పైకి ఎత్తి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, గేరులో ఉంచిన బండిని చూసే అవకాశం దొరికితే గమనించండి. మెకానిక్ ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే అవతలిది వ్యతిరేక దిశలో తిరుగుతుంది.

ఇక మన బండి సంగతికి రండి. గేరు షాఫ్టును బిగించి పట్టుకుంది, నిజమే. కాని ఎడమ చక్రం గాలిలో ఉంది. దాని బ్రేకు సరిగా పట్టక అది వెనక్కి గిర్రున తిరిగితే, నేల మీది కుడి చక్రం హాయిగా ముందుకు దొర్లగలదు. గేరు దాన్ని ఆపలేదు. కొన్ని పాత జీపులలో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాక షాఫ్టు మీదే పనిచేసేది. అలాంటి బండిలో ఒక వెనక చక్రం ఎత్తితే గేరుతోబాటు బ్రేకు కూడా సున్నా! నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నంతసేపు కదలని బండి, సరిగ్గా మనిషి దాని పక్కన కూర్చున్నప్పుడే కదలడానికి కారణం ఇదే.

కనుక రాళ్లు కావాలి. అవీ ముందు చక్రాలకు, రెండు వైపులా. వాలు ఎటుందో అటు తప్పకుండా. గుండ్రటి రాయి దొర్లిపోతుంది. కోసు ఉన్న రాయిగాని, చెక్క ముక్కగాని టైరుకు ఆనించి తన్ని బిగించాలి.

ఇప్పుడు జాకీ వైపు చూద్దాం. ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి పెన్సిలుకు చుట్టండి. ఏటవాలు అంచు మెలికలు తిరిగి మరలా కనిపిస్తుంది. స్క్రూ జాకీ అంటే ఇంతే, చుట్టి పెట్టిన వాలుతలం. పిడి 30 సెం.మీ. పొడవు ఉంటే ఒక చుట్టుకు మీ చెయ్యి సుమారు 188 సెం.మీ. తిరుగుతుంది. ఆ చుట్టుకు మర 6 మి.మీ. లేస్తుందనుకుందాం. 188ని 0.6తో భాగిస్తే దాదాపు 314. వెనక చక్రం మీది 1,000 కిలోల బరువును మూడు కిలోల పైచిలుకు బలంతో ఎత్తవచ్చన్నమాట! నిజానికి మరల మధ్య ఘర్షణ వల్ల అంతకు మూడు నాలుగు రెట్లు పెట్టాలి. ఆ ఘర్షణను తిట్టుకోకండి. చెయ్యి వదిలేసినా మర తనంత తాను వెనక్కి తిరగకుండా పట్టుకునేది అదే.

బుడ్డి ఆకారంలో ఉండే ఆయిలు జాకీకి ఈ గుణం లేదు. మూసిన ద్రవం మీద పెట్టిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రాన్ని మీరు చదివారు. ఆ సూత్రంతో 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ప్రెస్సు యంత్రానికి పేటెంటు పొందాడు. మన జాకీ దాని చిన్న తమ్ముడు. ఇందులో బరువును నిలబెట్టేవి ఒక చిన్న ఉక్కు గుండు, రబ్బరు వాషర్లు. గుండు కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా, రబ్బరు చిరిగినా ఆయిలు వెనక్కి జారుతుంది, బండి మెల్లగా దిగుతుంది. ఒక్కోసారి మెల్లగా కూడా కాదు. ఏ జాకీ అయినా ఎత్తడానికే గాని, దాని భరోసాతో బండి కింద దూరడానికి కాదు.

ఇంకో శత్రువు నేల. టైరు పంక్చరైన బండిని రోడ్డు అంచుకు తీస్తారు. ఎడమ వైపున ఉండేది మెత్తటి మట్టి, వాన పడితే మరీ మెత్తన. జాకీ అడుగు 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు అయితే 1,000 కిలోలు 100 చదరపు సెం.మీ. మీద పడతాయి. అంటే ఒక్కో చదరపు సెం.మీ.కు 10 కిలోలు. దాని కింద 30 సెం.మీ. చదరపు మందపాటి పలక వేస్తే ఆ భారం దాదాపు కిలోకు దిగుతుంది. పలక లేకుంటే జాకీ ఒక పక్కకు కుంగి వాలుతుంది. వాలిన జాకీ జారుతుంది. పలకకు బదులు ఇటుక పెట్టేవారున్నారు. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు.

వెనక వైపు జాకీని హౌసింగు డబ్బా కింద కాక, పంక్చరైన చక్రానికి దగ్గరగా, పట్టీల కట్ట బిగించిన చోట ఇరుసు కింద పెట్టడం మేలు. బాడీ కింద పెడితే ముందు విల్లులా వంగిన ఆ పట్టీలన్నీ సాగాలి, ఆ తర్వాతే చక్రం లేస్తుంది. ఎక్కువ ఎత్తితే గరిమనాభి పైకి పోతుంది, బండి ఊగుతుంది. ఇరుసునే ఎత్తితే నాలుగు వేళ్ల ఎత్తు చాలు.

స్పానరు పని మాత్రం జాకీ కంటే ముందే మొదలవ్వాలి. టైరు నేల మీద ఉండగానే నట్లను ఒక్కో చుట్టు వదులు చేయాలి. అప్పుడు నేల ఘర్షణ చక్రాన్ని పట్టుకుంటుంది. గాలిలోకి లేచాక స్పానరు మీద కాలేసి తొక్కితే చక్రమూ తిరుగుతుంది, బండీ జాకీ మీద ఊగుతుంది. బండిలో ఎవరూ కూర్చోకూడదు, బత్తాయిల మీద కునుకు తీస్తున్న కూలీతో సహా.

మంచి డ్రైవరు చక్రం ఊడదీసే ముందు స్టెప్నీని పక్కన నిలబెట్టడు, బండి బాడీ కిందికి పడుకోబెట్టి తోస్తాడు. జాకీ జారినా బండి ఆ టైరు మీద పడుతుంది, మనిషి కాలి మీద కాదు. పంక్చరైన చక్రం చేతికి రాగానే దాన్ని కిందికి తోసి స్టెప్నీని బయటికి లాగుతాడు. బిగించేటప్పుడు నట్లను వరసగా కాక ఎదురెదురుగా బిగిస్తాడు, చక్రం చదునుగా కూర్చోవాలి కదా. చివరి బిగింపు జాకీ దించాకనే. కొన్ని కిలోమీటర్లు పోయాక ఆగి నట్లను మరోసారి చూసుకుంటాడు.

మీరు ఆ బండి కింద చెయ్యి పెట్టనక్కర లేదు, జాకీ తిప్పనూ వద్దు. రాళ్లు వెతికి తెచ్చి డ్రైవరన్నకు ఇవ్వండి. బండి కదిలిపోయాక రోడ్డు మీద మిగిలే ఆ రాళ్లను మాత్రం తీసి పక్కన పడేయండి. చీకటి పడితే పానగల్ వైపు వచ్చే మోటారు సైకిలుకు అవి కనిపించవు.