ప్రయోజనము వేఱు, ధర్మము వేఱు

ఒక కార్యము మంచిదో చెడ్డదో నిర్ణయింపవలసినపుడు "దానివలన నేమి మేలు కలిగినది?" అని మనము తఱచుగా నడుగుదుము. ఈ ప్రశ్న యావశ్యకమే. కాని యిది యొక్కటియే చాలునా? స్త్రీవైద్యచరిత్రమునందలి యొక యుదంతమును సోదరీమణులు పరిశీలింతురు గాక.

కష్టప్రసవమున శిశువు తల చిరకాలము అడ్డుపడి యుండుటచే మూత్రాశయమునకును జననమార్గమునకును నడుమ రంధ్రమేర్పడుట కలదు. అట్టి స్త్రీకి మూత్రము నిరంతరము స్రవించుచుండును. ఆమె నలుగురిలో కూర్చుండజాలదు. అమెరికాయందు అలబామా రాష్ట్రమున, మాంట్‌గోమరీ పట్టణమునందు జె. మేరియన్ సిమ్స్ అను వైద్యుడు 1845 మొదలు 1849 వఱకు పరిశ్రమించి, వెండితీగెతో కుట్లువేసి యా రంధ్రమును మూయు విధానమును సాధించెను. 1855లో న్యూయార్కునందు స్త్రీలకొఱకు ప్రత్యేకముగా నొక వైద్యశాల నెలకొల్పబడుటకును ఆయన కారకుడయ్యెను. ఈ చికిత్సవలన నెందఱో తల్లులు మరల తలయెత్తి తిరుగగలిగిరి. ప్రయోజనమును గూర్చి సందేహము లేదు.

అయితే ఆ విద్య యెవరి దేహములపై నేర్వబడినది? బానిసలైన నల్లజాతి స్త్రీలపై. వారిలో పేర్లు నిలిచినవి మువ్వురివి మాత్రమే: అనార్కా, బెట్సీ, లూసీ. ఒక్క అనార్కాకే సుమారు 30 మారులు శస్త్రచికిత్స జరిగెను. ఈథరు మత్తు 1846లో బాస్టను నగరమున వెల్లడియైన పిదపను, ఆయన వారికి మత్తుమం దీయలేదు.

ఆ స్త్రీలును రోగపీడితలే గదా, చికిత్సను తామే కోరియుందురు గదా యని కొందఱందురు. కోరియుండవచ్చును. కాని నాటి చట్టమున వారి దేహము యజమానుని సొత్తు. వలదనుటకు స్వేచ్ఛలేనిచోట ఔననుటకు విలువ యెంత?

అధికసంఖ్యాకులకు అధికసుఖము నిచ్చునదియే మంచిపని యని ఇంగ్లండున బెంథాము బోధించెను. మనుష్యుని కేవలసాధనముగా వాడరాదని జర్మనుతత్త్వవేత్త కాంటు 1785లో వ్రాసెను. ప్రయోజనము ఫలమును చూచును. ధర్మము ఆ ఫలమునకు వెల యెవరు చెల్లించిరని చూచును.

ఇందువలన ఆ చికిత్సను త్యజింపవలెనని కాదు. మేలు మేలుగనే యుండును. అన్యాయమును అన్యాయముగనే యుండును. ఒకటి రెండవదానిని తుడిచివేయజాలదు. 2018లో న్యూయార్కు సెంట్రల్ పార్కునుండి సిమ్స్ విగ్రహము తొలగింపబడెను. 2021లో మాంట్‌గోమరీయందు ఆ మువ్వురు స్త్రీల ప్రతిమలు నిలుపబడెను. ఋణము తీఱలేదు, ఋణమున్నదని యొప్పుకొనుట మాత్రము జరిగినది.

ఈ విచారము వైద్యులకే కాదు, గృహిణులకును వలయును. కోడలి నగలు కుదువబెట్టి ఆడుబిడ్డ వివాహము జరిపినచో ఇంటికంతకు మేలే. కాని యామెను అడిగితిమా? అడిగినను, కాదనుటకు ఆమెకు వీలుండెనా? మేలెంత యని లెక్కించుటకు ముందు ఈ రెండు ప్రశ్నలును వేసికొనుట ధర్మము.