పాత గాలి తుపాకి: తోలు వాషరు సంరక్షణ

కొందరి ఇండ్లలో తాతల నాటి స్ప్రింగు గాలి తుపాకులు నేటికిని కలవు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో బి.ఎస్.ఎ. కంపెనీ 1905 నుండి ఇట్టివి తయారుచేసినది. దెబ్బలో బలము తగ్గగానే కొందరు మరింత గట్టి స్ప్రింగు వేయింతురు. ఇది సరికాదు. అదురు హెచ్చి గురి చెడును. పెక్కుసార్లు లోపము తోలు వాషరులోనే ఉండును.

ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు పిస్టనును ముందుకు తోయును. నొక్కుకొన్న గాలి గుండును నెట్టును. చేతి పంపులో వలెనే పిస్టను తోలు ఎండినచో గాలి ప్రక్కలకు జారిపోవును.

1. స్ప్రింగు ఎక్కించక, గాలి రంధ్రములో తోలు నూనె రెండు చుక్కలు వేసి, గొట్టము పైకుండునట్లు ఒక రాత్రి నిలబెట్టవలెను. నూనె ఎక్కువైనచో గాలి వేడికి మండి, పొగయు పెద్ద శబ్దమును వచ్చును.

2. గొట్టము వంచు రకములో అతుకువద్ద పలుచని కాగితము పెట్టి పేల్చి చూడుడు. కాగితము ఎగిరినచో అచ్చటి వాషరు మార్చవలెను.

3. గుండు లేకుండ పేల్చరాదు. స్ప్రింగు ఎక్కించి ఉంచరాదు.

స్ప్రింగు ఎక్కించకున్నను లోపల కొంత నొక్కుకొనియే ఉండును. బిగింపు సాధనము లేక విప్పినచో ఎగిరి కన్ను పోగొట్టగలదు. ఆ పని తెలిసిన మిస్త్రీకే అప్పగింపుడు.

2016 ఆయుధ నియమముల ప్రకారము 20 జౌళ్ల శక్తిని గాని, 0.177 అంగుళముల బోరును గాని మించిన గాలి తుపాకికి లైసెన్సు అవసరము. పంట తిన్నను నెమలిని కొట్టరాదు. 1972 వన్యప్రాణి చట్టము దానికి రక్షణ ఇచ్చుచున్నది.