ముందు మీ ముక్కే తిప్పాలి!

హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి మీరూ ఆడే ఉంటారు. నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకడు మూడు ముక్కలు బోర్లా పడేసి, మొహంలో ఏ మార్పూ లేకుండా ‘మూడు రాణులు’ అంటాడు. నిజానికి వాటిలో రాణి ఒక్కటే. మిగతావి ఓ ఏడు, ఓ నాలుగు. అందరూ నమ్మితే ఆట సాగిపోతుంది. ఎవరో ఒకరు ‘బ్లఫ్’ అని ముక్కలు తిప్పేశారా, కుప్ప మొత్తం వాడి ఒళ్లోకే! కరెంటు వచ్చాక కూడా ఈ ఆట ఆగదు.

ఈ బుకాయింపు ఆటకు ఇప్పుడు పెద్ద కుటుంబమే ఉంది. గత పదిహేనేళ్లలో ఫ్రాన్స్, జర్మనీ, జపాన్, అమెరికాల నుంచి ఇలాంటి చిన్న చిన్న ఆటలు చాలా వచ్చాయి. అరచేతిలో పట్టే పెట్టె, పదిహేనో ఇరవయ్యో ముక్కలు, పావుగంట ఆట. హైదరాబాద్ లాంటి నగరాల్లో బోర్డ్ గేమ్ కేఫేలకు వెళ్లేవాళ్లకు ఇవి పరిచయమే. వీటిని సరదాగా మొదలుపెట్టి, తర్వాత పిచ్చిగా ఆడేవాళ్లు ఏ ఆట గొప్పదో, ఏది ఉత్త హడావిడో గంటలకొద్దీ వాదించుకుంటారు. వాళ్ల వాదనల్లో మీకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

ఉద్యోగాల పేజీలో పేక ముక్కల గోలేంటి అంటారా? ‘ఇవి ఆడితే కమ్యూనికేషన్ స్కిల్స్ పెరిగి కొలువు వచ్చేస్తుంది’ అని మాత్రం చెప్పబోవడం లేదు. అలా చెప్పడమే అసలైన బ్లఫ్. మన చుట్టూ ఇప్పుడు రెజ్యూమెలో కాస్త ‘కలిపి’ రాయమనే సలహాలు ఎక్కువయ్యాయి. డబ్బు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ కాగితం చేతిలో పెడతామనేవాళ్లూ ఉన్నారు. బుకాయింపు ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ కొంప ముంచుతుంది అన్నది ఈ ఆటలు ఆడేవాళ్లకు బాగా తెలుసు.

పుర్రె ఎవరిది?

మొదట చెప్పుకోవాల్సింది ‘స్కల్’ గురించి. ఫ్రాన్స్‌కు చెందిన ఎర్వే మార్లీ తయారుచేసిన ఆట, 2011లో వచ్చింది. బుకాయింపు ఆటల్లో ఇంత శుద్ధమైనది మరోటి లేదని చాలామంది అభిమానుల మాట. ఎందుకంటే ఇందులో వేరే ఏమీ లేదు. ఒక్కొక్కరి చేతిలో నాలుగే ముక్కలు: మూడు పూలు, ఒక పుర్రె.

అందరూ తలో ముక్క బోర్లా పెడతారు. తర్వాత వంతు వచ్చినప్పుడల్లా ఇంకో ముక్క దాని మీద పెట్టొచ్చు, లేదా పాట మొదలుపెట్టొచ్చు. ‘పుర్రె తగలకుండా నేను మూడు ముక్కలు తిప్పగలను’ అని ఒకరంటే, ‘నేను నాలుగు’ అని ఇంకొకరు. వేలంపాట లాంటిదే. అందరికన్నా ఎక్కువ పాడినవాళ్లు తిప్పాలి. అన్నీ పూలే వస్తే ఒక పాయింటు, రెండు పాయింట్లు వస్తే గెలుపు. పుర్రె తగిలితే ఒక ముక్క శాశ్వతంగా పోతుంది.

అసలు కిటుకు ఒక నియమంలో ఉంది. పాట పాడినవాళ్లు ముందుగా తమ ముక్కలన్నీ తిప్పాలి. ఆ తర్వాతే ఎదుటివాళ్లవి. అంటే మీరు మీ కింద పుర్రె దాచుకుని, పక్కవాణ్ని ఎగదోయడానికి ‘నాలుగు’ అని కోత కోశారనుకోండి. వాడు ‘ఐదు’ అంటే మీ పంట పండినట్టే, వాడొచ్చి మీ పుర్రె మీద పడొచ్చు. వాడు నవ్వి ‘పాస్’ అన్నాడో... మీరు తిప్పాల్సిన మొదటి ముక్క మీ పుర్రే. నేను మొదటిసారి ఆడినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. నాలుగు ముక్కల్లో రెండు ఇలాగే పోగొట్టుకున్నాను, ఎదుటివాళ్లు పెద్దగా చేసిందేమీ లేకుండానే.

దీన్ని కొనక్కర్లేదు. మామూలు పేక కట్టలోంచి తలో మూడు నల్ల ముక్కలు, ఒక ఎర్ర ముక్క తీసుకుంటే చాలు. ఎరుపే పుర్రె. ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. పేక కట్ట కనిపిస్తే వార్డెన్ ఊరుకోరంటారా, పాత శుభలేఖలు ఒకేలాంటివి తెచ్చి సమానంగా కత్తిరించుకోండి. అన్ని ముక్కలకీ వెనకవైపు ఒకేలా ఉండాలి, అంతే.

ఇప్పుడు ఇంటర్వ్యూకి రండి. రెజ్యూమెలో ‘పైథాన్ - ఎక్స్‌పర్ట్’ అని రాశారు. రాసినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. ప్యానల్లో ఒకాయన మర్యాదగా ‘జనరేటర్‌కీ లిస్టుకీ తేడా ఏంటండీ?’ అని అడిగారు. లిస్టు విలువలన్నీ ఒకేసారి మెమరీలో పెట్టుకుంటుంది, జనరేటర్ అడిగినప్పుడు ఒక్కొక్కటిగా ఇస్తుంది. చాలా చిన్న ప్రశ్న. నిజంగా రాసి చూసినవాళ్లకు అర నిమిషం పని. చూడనివాళ్లకు పుర్రె తిరిగినట్టే. ఆ తర్వాత మిగతా పూల సంగతి, అంటే మీరు కష్టపడి చేసిన ప్రాజెక్టు, బాగా వచ్చిన ఎస్‌క్యూఎల్, ఎవరూ పట్టించుకోరు. ‘పైథాన్ - బేసిక్స్ తెలుసు, ఈ ప్రాజెక్టులో వాడాను’ అని రాసి ఉంటే అడిగే ప్రశ్న కూడా ఆ ప్రాజెక్టులోంచే వచ్చేది.

ఇక దొంగ ఎక్స్‌పీరియన్స్ సంగతి. ఆటలో బుకాయింపు పావుగంటకు చెరిగిపోతుంది, పైగా అబద్ధం ఆడొచ్చని అందరూ ముందే ఒప్పుకుని కూర్చుంటారు. ఉద్యోగంలో ఆ ఒప్పందం ఎవరితోనూ లేదు. చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. మీ యూఏఎన్ నంబరు మీద పీఎఫ్ ఎక్కడెక్కడ, ఎన్నాళ్లు జమైందో చూస్తారు. పనిచేశానన్న కంపెనీ పేరు అందులో లేకపోతే సంజాయిషీ మీరే ఇవ్వాలి. ఒకటి రెండేళ్లు గడిచాక బయటపడినా ఉద్యోగం పోతుంది.

మొహం కాదు, కథ చూడాలి

‘కూ’ అనే ఇంకో ఆట మీద అభిమానుల్లో గట్టి తగాదా ఉంది. రిక్కీ తాహ్టా తయారుచేసింది, 2012లో వచ్చింది. పదిహేనే ముక్కలు: ఐదు పాత్రలు, ఒక్కోటి మూడేసి. ప్రతి ఒక్కరికీ రెండు ముక్కలు, రెండు నాణేలు ఇస్తారు. మీ వంతులో ఏ పాత్ర పనైనా చేయొచ్చు, ఆ ముక్క మీ దగ్గర ఉన్నా లేకపోయినా. ‘నేను డ్యూక్‌ని, మూడు నాణేలు తీసుకుంటున్నా’ అంటారు. ఎవరైనా సవాల్ చేస్తే చూపించాలి. లేకపోతే మీ ముక్క ఒకటి పోతుంది. ఉంటే సవాల్ చేసినవారి ముక్క పోతుంది. ఏడు నాణేలు చేరితే ఎవరి ముక్కనైనా తీసేయొచ్చు, దానికి అడ్డు లేదు. రెండు ముక్కలూ పోయినవాళ్లు ఆట నుంచి బయటికి.

నచ్చనివాళ్ల ఫిర్యాదులు రెండు. ఓడినవాళ్లు మిగతావాళ్ల ఆట చూస్తూ ఊరికే కూర్చోవాలి. రెండోది, కొత్తవాళ్లు ఆడితే అందరూ డ్యూకులే, ఎవరూ సవాల్ చేయరు, చప్పగా ఉంటుంది. మొదటిదానికి జవాబు తేలికే, పది పదిహేను నిమిషాల్లో ఇంకో ఆట మొదలవుతుంది. రెండోది మాత్రం నిజం. ఒకే గుంపు మళ్లీ మళ్లీ ఆడితే తప్ప దీని రుచి తెలియదు. ఒక్కసారి ఆడి ‘ఇదేం ఆట’ అని పక్కన పెట్టేసేవాళ్లు ఎక్కువ.

బాగా ఆడేవాళ్ల దగ్గర గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు కళ్లలోకి చూడరు, చేతులు వణుకుతున్నాయా అని వెతకరు. ‘మొహం చూసి చెప్పేస్తా’ అనేవాళ్లే తరచూ బోల్తా పడతారు. అసలు ఆటగాళ్లు చూసేది కథ అతుకుతోందా లేదా అని. ఉదాహరణకు, ఒకడు పోయిన వంతులో డ్యూక్‌నన్నాడు. ఇప్పుడు పక్కవాడు ‘ఫారిన్ ఎయిడ్’ పేరుతో రెండు నాణేలు తీసుకుంటున్నాడు. దాన్ని డ్యూక్ ఆపొచ్చు. అయినా వీడు కిక్కురుమనలేదు. ఎందుకు? బహుశా డ్యూక్ లేడు కాబట్టి, ఇంకోసారి ఎవరైనా సవాల్ చేస్తారేమోనన్న భయం.

ఇంటర్వ్యూ చేసేవాళ్లూ దాదాపు ఇలాగే చూస్తారు. ‘టీమ్ లీడర్‌గా చేశా’ అన్నారు, బాగానే ఉంది. ‘మీ టీమ్‌లో ఎవరు ఏం చేశారు?’ అంటే తడబడ్డారు. మీ గొంతు వణకడం వల్ల కాదు, కథ అతకకపోవడం వల్ల మార్కులు పోతాయి. గొంతు వణికితే సర్దుకోవడానికి ఒక నిమిషం ఇచ్చే ప్యానళ్లు చాలానే ఉన్నాయి.

మరో సంగతి, ‘కూ’లో పండినవాళ్లు ఎక్కువసార్లు నిజమే చెబుతారు. అబద్ధాన్ని ఆటలో ఒకటి రెండు చోట్లకు దాచుకుంటారు. ప్రతి వంతులో బుకాయించేవాణ్ని రెండో ఆట నుంచి ఎవరూ నమ్మరు.

దీనికీ పేక కట్ట సరిపోతుంది. ఆసులు, రాజులు, రాణులు, జాకీలు, పదులు మూడేసి తీసి ఒక్కోదానికి ఒక్కో పాత్ర అనుకోండి. నాణేల బదులు చింతగింజలు.

మాట్లాడకుండా ఆడేవి

అందరికీ బుకాయింపు నచ్చదు. అబద్ధం ఆడాలంటే చెమటలు పట్టేవాళ్లు ఉంటారు, అది లోపమేమీ కాదు. వాళ్లకు జపాన్ నుంచి వచ్చిన ‘లవ్ లెటర్’ బాగుంటుంది. సేజి కనాయ్ ఆట, 2012లో మొదటిసారి వచ్చినప్పుడు మొత్తం పదహారు ముక్కలే. చేతిలో ఒక ముక్క, ఇంకోటి తీసి రెండింట్లో ఒకటి వేయాలి. వేసిన ముక్కలన్నీ ఎదురుగానే కనిపిస్తాయి కాబట్టి ఎవరి చేతిలో ఏముందో లెక్క కట్టొచ్చు. అదృష్టం పాలు ఎక్కువని పెదవి విరిచేవాళ్లున్నారు. నిజమే, కానీ ఐదు నిమిషాల ఆటకు అంత గొడవ అక్కర్లేదు.

నా ఓటు మాత్రం ‘ది మైండ్’కి. ఆస్ట్రియాకు చెందిన వోల్ఫ్‌గాంగ్ వార్ష్ ఆట, 2018లో జర్మనీలో పేరున్న ‘ష్పీల్ డెస్ యారెస్’ అవార్డు తుది జాబితాలోకి వెళ్లింది. ఒకటి నుంచి వంద దాకా అంకెల ముక్కలు. అందరూ కలిసి చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరసగా వేయాలి. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు. మొదటి లెవెల్లో తలో ముక్క, రెండో లెవెల్లో తలో రెండు, ఇలా పెరుగుతాయి. నా దగ్గర 34 ఉంది, ఇప్పుడు వేయనా, ఆగనా? అంతే ఆట. ఇది అసలు ఆటే కాదని, ఉత్త టైమ్ లెక్కని కొట్టిపారేసే అభిమానులున్నారు. గొప్ప అనుభవం అనేవాళ్లూ అంతే ఉన్నారు.

గ్రూప్ డిస్కషన్‌కు సిద్ధమవుతున్న గుంపు చేత దీన్ని ఆడించి చూడండి. ప్రతిసారీ దూకేసి అందరినీ ఓడించేదెవరో, 12 చేతిలో పెట్టుకుని కూడా ఆగిపోయేదెవరో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. జీడీలోనూ తరచూ వాళ్లే దూకుతారు, వాళ్లే ఆగిపోతారు. నోట్‌బుక్ కాగితాలను వంద చీటీలు చేసి అంకెలు రాసుకుంటే ఖర్చు సున్నా.

తురుపు ఆటలు వచ్చినవాళ్లకు థోమస్ జింగ్ తయారుచేసిన ‘ది క్రూ’ కూడా నచ్చుతుంది. 2020లో జర్మనీలోనే ‘కెన్నర్‌ష్పీల్’ అవార్డు గెలిచింది. అందరూ ఒకే జట్టు, ఎవరు ఏ ముక్కను గెలవాలన్నది ముందే తేల్చుకుంటారు, చేతిలోని ముక్కల గురించి చెప్పుకోవడానికి మాత్రం దాదాపు వీల్లేదు. దీన్ని మాత్రం పెట్టె కొని ఆడటమే మేలు.

డబ్బు మాట

పేకాట అనగానే ఇంట్లో పెద్దవాళ్ల భయం ఊరికే రాలేదు. రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆటేనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాఖలు చేసిన కేసులోనే సుప్రీంకోర్టు 1967లో చెప్పినా, డబ్బు పెట్టి ఆడిన ఇళ్లు ఏమయ్యాయో మన ఊళ్లలో అందరూ చూశారు. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఇక్కడ చెప్పిన ఆటల్లో డబ్బుతో పనే లేదు. ‘పది రూపాయలు పెడదాంరా, మజా వస్తుంది’ అని ఎవరైనా అంటే, ముక్కలు కట్టేసి లేచిపోండి. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు.

మొదలుపెట్టాలనుకుంటే ‘స్కల్’తోనే మొదలుపెట్టండి. నలుగురు చాలు. ప్రతి రౌండ్ అయ్యాక ఓడినవాళ్లను ‘ఎక్కడ నమ్మావ్?’ అని ఒకే ఒక్క ప్రశ్న అడగండి. మొదటిరోజు నవ్వి వదిలేస్తారు. నాలుగైదు రోజులకు జవాబులు వస్తాయి: ‘నువ్వు రెండో ముక్క ఆలోచించకుండా పెట్టేశావ్ కదా, పువ్వే అనుకున్నా’ లాంటివి. ఒక జాగ్రత్త. ఎదుటివాళ్ల పుర్రె తగిలి మీ ముక్క పోయేటప్పుడు వాళ్లు మీ ముక్కల్లోంచి చూడకుండా ఒకటి తీసేస్తారు. మీ పుర్రే పోయి ఉండొచ్చు. ఆ సంగతి మాత్రం ఆట అయ్యేదాకా ఎవరికీ చెప్పకండి.