చక్కెర మిల్లులో మీటలన్నీ ఒకే గదికి
యంత్రం దగ్గరి అనుభవమూ వెంట రావాలి

బెల్లం వండే రైతు పెనం పక్కనే నిలబడి పాకాన్ని చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూస్తాడు. పదును వచ్చిందీ లేనిదీ ఆ వేళ్ళకే తెలుస్తుంది. చక్కెర మిల్లులో పాన్ దగ్గర పనిచేసే కార్మికుడి తీరూ అదే. కాస్త పాకం బయటకు తీసి, గాజు పలక మీద పరచి, వెలుతురుకు పట్టి పలుకు ఎలా కడుతున్నదో చూస్తాడు. అటువంటి కార్మికులు ఇప్పుడు అనేక ఫ్యాక్టరీలలో యంత్రం పక్కనుంచి లేచి, దూరాన చల్లని గదిలో కంప్యూటరు తెర ముందు కూర్చుంటున్నారు.

ఏ యంత్రానికి ఆ పెట్టె

పాత పద్ధతిలో ప్రతి యంత్రానికీ పక్కనే ఒక మీటల పెట్టె ఉంటుంది. చెరకు నలిపే మిల్లుకు ఒకటి, బాయిలరుకు ఒకటి, రసాన్ని చిక్కబరిచే పాత్రలకు ఒకటి, మడ్డి నుంచి చక్కెరను వేరుచేసే యంత్రాలకు మరొకటి. అవి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కంపెనీల నుంచి కొన్నవి కావచ్చు. ఒక పెట్టెలో పచ్చదీపం వెలిగితే యంత్రం నడుస్తున్నట్లు. మరో పెట్టెలో అదే సంగతికి ఎర్రదీపం వెలుగుతుంది.

కాని ఫ్యాక్టరీ అంతా ఒకే గొలుసు. మిల్లులో నలిగిన చెరకు పిప్పే బాయిలరు పొయ్యికి వంటచెరకు. ఆ బాయిలరు ఇచ్చే ఆవిరి ఆధారంగానే మిల్లు తిరుగుతుంది, రసం కాగుతుంది. మిల్లు ఆగితే ఆ సంగతి బాయిలరు దగ్గరి మనిషికి వెంటనే తెలియాలి. విడివిడి పెట్టెలున్నచోట గంట కొట్టో, ఫోను చేసో చెప్పవలసి వస్తుంది. అన్నీ ఒకే తెర మీదికి వస్తే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు పెట్టెలకు 1968లో అమెరికాలో, జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీల అవసరం కోసం నాంది పడింది. ప్లాంటు మొత్తాన్ని ఒక గది నుంచి నడిపే పద్ధతిని 1975లో అమెరికాకు చెందిన హనీవెల్, జపాన్‌కు చెందిన యొకొగావా కంపెనీలు అమ్మకానికి తెచ్చాయి. పాత తెరలు చెడితే విడిభాగాలు దొరకక పోవడం కూడా ఈ మార్పుకు ఒక కారణం. ఇటువంటి తెరలను నడిపిన ప్రోగ్రాములలో ఒకటైన విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తో దాని కంపెనీ మద్దతు నిలిపివేసింది.

రైతుకేమిటి?

చెరకు రసంలో సున్నం కలిపి పులుపును సరిచేస్తారు. పులుపు కొలిచే అంకె దాదాపు 7 దగ్గర నిలవాలి. సున్నం తగ్గితే వేడికి కొంత చక్కెర విరిగిపోతుంది. అది సంచిలోకి రాదు, మడ్డిలో పోతుంది. సున్నం ఎక్కువైతే రంగు చెడుతుంది. కేంద్రం ప్రకటించే చెరకు ధర రికవరీతో ముడిపడి ఉంది. 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు నిర్ణయించారు. కనుక తెర ముందు కూర్చున్న మనిషి జాగ్రత్త రైతు రాబడిని కూడా తాకుతుంది.

గంటలు మోగితే చాలదు

అయితే తెరలు ఒకచోట చేరినంత మాత్రాన క్షేమం చేకూరదు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలోని మిల్‌ఫర్డ్ హేవెన్ వద్ద జరిగిన ప్రమాదమే ఇందుకు తార్కాణం. 1994 జూలై 24న అక్కడి టెక్సాకో చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగి 26 మంది గాయపడ్డారు. ఆ ఉదయం ఉరుములు మెరుపుల వాన వల్ల ప్లాంటులో ఒడిదుడుకులు మొదలయ్యాయి. తెర మీద తెరిచి ఉన్నట్లు కనబడిన ఒక వాల్వు నిజానికి మూసుకుని ఉంది. పేలుడుకు ముందు సుమారు 11 నిమిషాలలో 275 హెచ్చరికలు వచ్చిపడ్డాయి. అన్ని గంటలు ఒక్కసారి మోగితే ఏది ముఖ్యమో ఎవరు తేల్చగలరు? ప్లాంటు మొత్తాన్ని ఒక్క చూపులో చూపే తెర లేకపోవడం కూడా లోపమేనని ప్రభుత్వ విచారణలో తేలింది.

చేయవలసిన పనులు

పాత పెట్టెలోని బొమ్మలను కొత్త తెరకు ఎక్కించడంతో పని పూర్తి కాదు. మీట ఎప్పుడు నొక్కుతారో, ఏ చప్పుడు వింటే ఆపుతారో ముందుగా కార్మికులనే అడిగి రాసుకోవాలి. ఏ హెచ్చరిక ప్రాణాపాయానికి సంబంధించినదో, ఏది కేవలం సమాచారమో విడదీయాలి. దీపాల రంగులకు అంతటా ఒకే అర్థం ఉండాలి. తెర మీద పేర్లు తెలుగులో ఉంటే రాత్రి షిఫ్టులో తడబాటు తగ్గుతుంది.

గానుగ సీజను ముగిసి మిల్లు నిలిచిన నెలలలోనే ఈ మార్పు చేయడం క్షేమం. సీజను మధ్యలో తప్పు దొర్లితే చెరకు బండ్లు గేటు దగ్గరే నిలిచి, నరికిన గడ ఎండి బరువు తగ్గుతుంది. ప్రతి తీగనూ యంత్రం నుంచి తెర వరకు పరీక్షించాలి. తెర మీద వాల్వు తెరిచినట్లు కనబడితే, ఒక మనిషి దాని దగ్గరకు వెళ్ళి నిజంగా తెరుచుకున్నదో లేదో చూసి చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, అత్యవసరంగా ఆపే ఎర్రమీట యంత్రం పక్కనే ఉండాలి. కంప్యూటరు ఆగిపోయినా అది పనిచేయాలి. బాయిలరులో నీటిమట్టం చూపే గాజును రోజూ కంటితో చూసే అలవాటు మానకూడదు. నీరు తగ్గితే గొట్టాలు మాడి ప్రాణాలకే ముప్పు.

ఈ మార్పు తలపెట్టిన యాజమాన్యాలు తెరల కొనుగోలుకు ఇచ్చినంత ప్రాధాన్యం కార్మికుల శిక్షణకూ ఇవ్వాలి. ఏళ్ళ తరబడి పాకం పలుకు చూసిన వారిని ఆ గదిలో కూర్చోబెట్టి, కొత్త కుర్రవాళ్ళను వారి పక్కన ఉంచితే, ఇటు ఫ్యాక్టరీకి, అటు గేటు ముందు బండి నిలిపిన రైతుకు మేలు జరుగుతుంది.